అరవై దాటిన గాజునార నావ

మన సంఘం ఉగాది సభకు వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒక మిత్రులు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "ఇంకా ఆ పాత పడవనే ఉంచారా?" అడగడంలో కుతూహలం కొంత, జాలి కొంత. మంచి ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి కొత్త పడవ ఒకటి కొనుక్కోలేడా అన్నది వారి సందేహం. సభలో భోజనాల వరుసలో నిలబడి చెప్పగల సమాధానం కాదు కనుక ఇన్నేళ్ళుగా నవ్వి ఊరుకున్నాను. ఈ ఏటి సంచికలో విజ్ఞాన విభాగానికి వ్యాసం వ్రాయమని సంపాదకులు కోరినందున ఆ సమాధానం ఇక్కడ వ్రాస్తున్నాను. తెరచాప, గాలి, రసాయనశాస్త్రం, కొంత నా స్వార్థం, అన్నీ ఇందులో కలిసి ఉన్నవి.

నా పడవ పేరు పియర్సన్ ట్రైటన్. పొడవు 28 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 8 అడుగుల 3 అంగుళాలు. నీటిలో 4 అడుగుల లోతుకు దిగుతుంది. బరువు సుమారు 6,900 పౌన్లు. తెరచాపల వైశాల్యం సుమారు 360 చదరపు అడుగులు. లోపల నలుగురు పడుకోవడానికి బల్లలు, చిన్న పొయ్యి, నీళ్ళ తొట్టి. నా పడవ 1963లో తయారైనది. నేను 1997లో కొన్నాను. అప్పటికే అది ముప్పయి నాలుగేళ్ళ ముసలిది. ఈ రకం పడవలు 1959 నుండి 1967 వరకు 700కు పైగా తయారైనవి. వాటిలో చాలా వాటిని నేటికీ సముద్రం మీద చూడవచ్చు.

ఇంతకాలం వీటి మీద జనానికి మోజు ఎందుకు తగ్గలేదని అడిగితే సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. ఒకటి, చూడటానికి అందంగా ఉంటుందని. రెండవది, ఆ రోజుల్లో గాజునార బలం ఎంతో తెలియక అవసరానికి మించి దట్టంగా పోసేశారని, అందుకే చావడం లేదని. మొదటిది నిజమే గాని చాలదు. రెండవది సగం నిజం. నా అభిప్రాయం వేరు. ఈ పడవలో సామాన్యుడికి అర్థం కాని భాగం ఒక్కటీ లేదు. సామాన్యుడు తన చేతులతో బాగుచేసుకోలేని భాగం దాదాపు లేదు. దాని ఆయుష్షు గాజునారలో కన్న ఈ సుగుణంలోనే ఎక్కువగా ఉన్నదని నేను నమ్ముతాను. ఈ సుగుణం లేనప్పుడు గాజునార చిరంజీవిత్వం వరం కాదు, శాపం. ఆ సంగతికి చివరలో వస్తాను.

ముందుగా దాని పుట్టుక. క్లింటన్ పియర్సన్, ఎవరెట్ పియర్సన్ అనే దాయాదులు ఇద్దరు, బ్రౌన్ విశ్వవిద్యాలయంలో చదివినవారు, 1950లలో ఒక గరాజులో చిన్న చిన్న ఫైబర్‌గ్లాస్ డింగీలు చేయడం మొదలుపెట్టారు. తరువాత రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని బ్రిస్టల్ పట్టణానికి మారారు. బ్రిస్టల్ అంటే పడవల ప్రపంచంలో కాశీ వంటిది. హెరెషాఫ్ వంశం వారు అమెరికా కప్ పందాలలో గెలిచిన నావలను నిర్మించినది అక్కడనే. టామ్ పాటర్ అనే ఆయన ఈ దాయాదుల వద్దకు వచ్చి, ఒక కుటుంబం ప్రయాణించగల, సామాన్య ఉద్యోగి కొనగల ఫైబర్‌గ్లాస్ పడవ చేయమని ప్రోత్సహించాడు. నమూనా గీసినవాడు కార్ల్ ఆల్బర్గ్. ఈయన స్వీడన్‌లో పుట్టి అమెరికాకు వలస వచ్చినవాడు. జాన్ ఆల్డెన్ అనే ప్రఖ్యాత రూపశిల్పి వద్ద పని నేర్చుకున్నాడు. ఉత్తర సముద్రపు పడవల ఒడుపు ఆయన గీతలలో కనిపిస్తుంది. పుట్టిన దేశం నుండి తెచ్చుకున్న విద్యను వచ్చిన దేశపు నీళ్ళలో దించాడు. మన వంటి వారికి ఆ మాట వేరుగా చెప్పనక్కరలేదు.

1959 జనవరిలో న్యూయార్క్ పడవల ప్రదర్శనలో మొదటి ట్రైటన్‌ను పెట్టారు. ధర పదివేల డాలర్ల లోపు. హోటలు బిల్లు కట్టడానికి కూడా వారి దగ్గర డబ్బు సరిపోలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రదర్శన ముగిసేసరికి 17 పడవలకు ఆర్డర్లు వచ్చినవి. కొన్నేళ్ళకే కంపెనీ విమానాలు చేసే గ్రమ్మన్ సంస్థ చేతిలోకి వెళ్ళింది. చివరకు 1991లో మూతపడింది. ఎవరెట్ పియర్సన్ మాత్రం ఆ విద్యను వదలలేదు. ఆయన తరువాత పెట్టిన కంపెనీ గాలిమరల రెక్కలు చేసే స్థాయికి ఎదిగింది. అదే గాజునార, అదే రెజిన్, అదే గాలి.

ఇక గాజునార అంటే ఏమిటో చెప్పాలి. గాజు పెళుసుగా ఉంటుందని మనందరికీ తెలుసు. కాని కరిగిన గాజును సన్నని దారంగా లాగితే అది ఆశ్చర్యకరమైన బలం సంతరించుకుంటుంది. గాజు పలక విరగడానికి కారణం దాని మీద ఉండే కంటికి కనిపించని పగుళ్ళు. దారం ఎంత సన్నగా ఉంటే అందులో పెద్ద పగులుకు చోటు అంత తక్కువ. అయితే దారం లాగితే బలమే గాని నొక్కితే వంగిపోతుంది. దానిని నిలబెట్టడానికి ఒక జిగురు కావాలి. ఆ జిగురు పాలియెస్టర్ రెజిన్. స్టైరీన్ అనే ద్రవంలో కరిగి తేనెలా ఉంటుంది. కొద్దిపాటి పెరాక్సైడు కలిపితే అణువుల గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడి, వేడి పుట్టించి, గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడిన తరువాత మళ్ళీ కరగదు. బెల్లం పాకాన్ని గట్టిపడిన తరువాత మళ్ళీ వేడిచేసి కరిగించవచ్చు. ఉడికిన గుడ్డును పచ్చిగుడ్డు చేయలేము. ఈ రెజిన్ ఉడికిన గుడ్డు జాతికి చెందినది.

పడవ చేసే పద్ధతి వంటింటి వారికి సులభంగా అర్థమవుతుంది. పడవ ఆకారంలో పెద్ద అచ్చు ఉంటుంది. ఇడ్లీ పళ్ళేనికి నూనె రాసినట్లు ముందుగా దానికి మైనం పూస్తారు. తరువాత రంగు కలిపిన జెల్‌కోట్ అనే పొర. దాని మీద గాజునార చాప, నేసిన గాజు గుడ్డ ఒకదాని తరువాత ఒకటి పరిచి, రెజిన్ పోసి, గాలి బుడగలు లేకుండా రోలరుతో అదుముతారు. అంటే ఈ పడవకు ముందు చర్మం పుడుతుంది, తరువాత మాంసం. కొయ్య పడవకు ముందు ఎముకలు, తరువాత చర్మం.

మాది కాకినాడ ప్రాంతం. కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు, ఓడలు కట్టే చోటు. 1839 నాటి తుఫానుతో ఆ వైభవం మునిగిపోయింది. అయినా నా చిన్నతనంలో ఏటి ఒడ్డున కొయ్య నావల పలకల సందుల్లో నార దట్టించి గుగ్గిలం, నూనె కలిపి పూస్తుంటే గంటల తరబడి చూసేవాణ్ణి. ఏటేటా ఆ పని చేయవలసిందే. చేయకపోతే నావ తాగుతుంది. అట్లాంటిక్ తీరంలోనూ 1950ల వరకు అదే కథ. పడవ ఉన్న ఆసామికి పనివారు ఉండాలి, లేదా తీరిక ఉండాలి. ట్రైటన్ వచ్చి ఆ బాధను చాలావరకు తొలగించింది. సందులు లేని పడవకు నార దట్టించే పని లేదు. ఒక గుమాస్తా, ఒక బడిపంతులు కూడా సముద్రం మీదకు వెళ్ళగలిగారు. నేడు మన విశాఖ, కాకినాడ తీరాలలో వేటకు వెళ్ళే బెస్తవారి పడవలు కూడా అధికభాగం ఫైబర్‌వే కావడానికి కారణం ఇటువంటిదే.

అడుగున వెన్నెముక వలె ఉండే భాగాన్ని కీల్ అంటారు. ట్రైటన్ కీల్ సన్నని రెక్క వలె కాక పడవ పొడవునా చాలా దూరం సాగి, చుక్కానిని తన వెనుకనే మోస్తుంది. అందులో సీసం సుమారు 3,000 పౌన్లు. మొత్తం బరువులో నూటికి 43 పాళ్ళు. మనం చిన్నప్పుడు ఆడుకున్న తంజావూరు బొమ్మను ఎంత వంచినా లేచి కూర్చున్నట్లు, ఈ సీసం పడవను లేపి కూర్చోబెడుతుంది. గాలి గట్టిగా కొట్టినప్పుడు పడవ మొదట త్వరగానే ఒరుగుతుంది. కొత్తవారు ఇక్కడే హడలిపోతారు. కొంత ఒరిగిన తరువాత మాత్రం ఒక మొండితనం వస్తుంది. ఇక ఒరగనని భీష్మించుకుంటుంది.

గాలికి ఎదురుగా పడవ ఎలా పోతుందని మన పిల్లలు అడుగుతూ ఉంటారు. సూటిగా ఎదురు పోలేదు. సుమారు 45 డిగ్రీల కోణంలో ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరుగుతూ పోతుంది. తెరచాప విమానపు రెక్క వలె గాలిని వంచి పక్కకు లాగుతుంది. కీల్ ఆ పక్క కదలికను నీటిలో అడ్డుకుంటుంది. తడి చింతగింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే అది ముందుకు దూసుకుపోతుంది చూడండి, అదీ సంగతి. గాలి ఒక వేలు, నీరు మరొక వేలు.

వేగం మాటకు వస్తే ట్రైటన్ గొప్పది కాదు. పడవ కదిలినప్పుడు తన ముందొక అల, వెనుకొక అల పుట్టిస్తుంది. ఆ రెండు శిఖరాల మధ్య దూరం పడవ నీటి మీది పొడవుకు సమానమైన తరువాత, ఇంకా వేగం కావాలంటే తన అలను తానే ఎక్కవలసి వస్తుంది. నీటి మీది పొడవును అడుగులలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే గంటకు ఎన్ని నాటికల్ మైళ్ళు పోగలదో వస్తుంది. ట్రైటన్ నీటి మీది పొడవు 20 అడుగుల 6 అంగుళాలే. ముందూ వెనుకా నీటికి పైన సాగి ఉంటుంది. లెక్క వేస్తే 6 వస్తుంది. సైకిలు వేగం కన్న తక్కువ. ఒరిగినప్పుడు ఆ సాగిన కొసలు కొంత నీటిని తాకి, నీటి మీది పొడవు పెరిగి, కాస్త లాభిస్తుంది. ఆల్బర్గ్ గీతల అందానికి వెనుక ఈ లెక్క, ఆనాటి పందాల నిబంధనలు రెండూ ఉన్నవి.

దోషాలు దాచను. ఇంజనుతో వెనుకకు నడపబోతే అది తన ఇష్టం వచ్చిన దిక్కుకు పోతుంది. ఇరుకు రేవులో పక్కవారి పడవలు చూసి నా శ్రీమతి కళ్ళు మూసుకున్న రోజులున్నవి. గాలి ఎక్కువైతే ముక్కు గాలివైపు తిప్పుకోవాలని చూస్తుంది. చుక్కాని కర్రను ఒడిసిపట్టాలి. లోపల ఇరుకు. నేటి అదే పొడవు పడవలలో ఉన్న చోటులో సగం కూడా లేదనిపిస్తుంది. పాత ఇంజను అటామిక్ ఫోర్ పెట్రోలుతో నడిచేది. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువు కనుక అడుగున చేరుతుంది. ఫ్యాను వేసి ఆ ఆవిరిని బయటికి తోలిన తరువాతగాని తాళం తిప్పరాదు. ఒక్కసారి మరచినా ప్రాణాపాయం.

అయితే పెద్ద దోషం ఎక్కడ ఉన్నదో నాకు తెలిసింది కొన్న తరువాతనే. అప్పట్లో పాత కారు కంటే తక్కువ ధరకు వచ్చింది. కొనే ముందు పరీక్ష చేయించాను. పరీక్ష చేసిన ఆయన డెక్కు భేషుగ్గా ఉన్నదని కాగితం వ్రాసి ఇచ్చాడు. మరుసటి వేసవిలో మా అమ్మ కాకినాడ నుండి వచ్చింది. పడవ ఎక్కి, కాళ్ళు చాపుకుని కూర్చుని, ఊరక ఉండలేక వేలి కణుపులతో డెక్కును తట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి "ఒరే అబ్బాయీ, ఇక్కడ గణగణమంటోంది గాని, ఇదిగో ఇక్కడ డొబ్బుమంటోంది రా. ఇది పగిలిన కుండ" అన్నది. సంతలో కుండ తట్టి చూసి కొన్న చెవి ఆమెది. ఆమె తట్టిన చోట సుద్దతో గీత గీశాను. మధ్యాహ్నానికల్లా స్తంభం చుట్టూ, ముందరి కటకటాల దగ్గర, అంతా కలిపి ఒక చాప పరచినంత మేర సుద్ద గీతలే.

కారణం ఇది. డెక్కును దట్టమైన గాజునారతో చేస్తే బరువు పైన చేరి పడవ తలబరువవుతుంది. అందువల్ల రెండు పల్చని గాజునార పొరల మధ్య బాల్సా కొయ్య ముక్కలు పెట్టారు. బాల్సా దూది వలె తేలిక. పలక వంగకుండా నిలిచే గుణం దాని మందానికి ఘనం చొప్పున పెరుగుతుంది. మందం రెట్టింపు చేస్తే గట్టిదనం ఎనిమిది రెట్లు. ఎక్కువ బరువు లేకుండా మందం తెచ్చుకునే ఉపాయం ఇది. కాని డెక్కుకు బిగించిన ప్రతి బోల్టు చుట్టూ ఒక సన్నని సందు. ముప్పయి ఏళ్ళుగా ఆ సందుల్లో వాన నీరు దిగి, బాల్సాను నానబెట్టి కుళ్ళబెట్టింది. గాజునార కుళ్ళలేదు, దాని కడుపులోని కొయ్య కుళ్ళింది.

మరమ్మతుకు రెండు శీతాకాలాలు పట్టినవి. మా అమ్మాయికి అప్పుడు పదమూడేళ్ళు. పై పొరను చతురంగా కోసి తీశాము. లోపల నల్లని తడి ముద్ద. గరిటెతో తోడి పారవేసి, ఆరబెట్టి, కొత్త బాల్సా ముక్కలను ఎపాక్సీతో అతికి, అంచులను పన్నెండుకు ఒకటి వాలుగా చెక్కి, కొత్త గాజుగుడ్డ పరిచాము. మందంలో పన్నెండు రెట్లు వెడల్పున ఆ వాలు ఉంటేనే కొత్త పొర పాత పొరను పట్టుకుంటుంది. ఒకసారి నేను అతి తెలివితో ఎపాక్సీ అంతా ఒకే గిన్నెలో కలిపి, ఫోను మోగితే మాట్లాడటానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి గిన్నె పొగలు కక్కుతోంది. రసాయనచర్యలో పుట్టిన వేడి ముద్దగా ఉంటే బయటికి పోదు. ఆ వేడికి చర్య ఇంకా వేగమవుతుంది. పల్చగా పరిస్తే ఏ బాధా లేదు. మా అమ్మాయి ఆ సంవత్సరం రసాయనశాస్త్రంలో చదువుకున్న పాఠాన్ని ఆ పొగలోనే నిజంగా నేర్చుకున్నదని నాకనిపించింది. ముక్కుకు మాస్కు లేకుండా గాజునారను రాపిడి చేయవద్దని మాత్రం అందరికీ చెబుతాను. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు; చర్మం మీద దురద వారం రోజులు వదలదు.

రెండవ శీతాకాలంలో మరొక సంగతి బయటపడింది. ముందర గది తలుపు బిగుసుకుపోయి మూతపడటం లేదు. నేను తలుపును చిత్రిక పట్టబోతుంటే అమ్మాయి అడ్డుపడింది. "తలుపు పెరగలేదు నాన్నా, గుమ్మమే కుంగి ఉంటుంది" అన్నది. ఆ మాటే నిజం. ట్రైటన్‌లో తెరచాప స్తంభం అడుగుదాకా దిగదు. డెక్కు మీదనే నిలబడుతుంది. దాని భారమంతా డెక్కు కింద అడ్డంగా ఉన్న ఒక కొయ్య దూలం మోయాలి. ఆ దూలం అలిసిపోయి కుంగింది. ఈ రకం పడవలన్నింటికీ ఉన్న బలహీనత అదే. పాత దూలం తీసి, పల్చని పలకలను వంచి అతికిన కొత్త దూలం పెట్టాము. తలుపు పడింది.

ఈ కథంతా ఎందుకు చెప్పానంటే, ఆ మరమ్మతులలో ఏ ఒక్కదానికీ కంపెనీ అవసరం రాలేదు. కంపెనీ 1991లోనే పోయింది. అచ్చులు లేవు, విడిభాగాల గిడ్డంగి లేదు. కావలసినవన్నీ గాజుగుడ్డ, రెజిన్, కొయ్య, కంచు బోల్టులు. చెడిపోయినది ఏదో తట్టి వింటే తెలిసింది, తలుపు చూస్తే తెలిసింది. జేమ్స్ బాల్డ్విన్ అనే ఆయన తన ట్రైటన్ 'ఆటమ్'లో రెండు పర్యాయాలు భూప్రదక్షిణం చేశాడు. వేగమైన పడవ కాదు, విశాలమైనదీ కాదు. కాని ప్రపంచపు ఏ మూలలో ఆగినా అందులో విరిగినదాన్ని ఉన్నవాటితో అతుక్కోవచ్చు. నేటి వస్తువులు మనకంటే తెలివైనవి. అవి చెడిపోయినప్పుడు మనకు చెప్పవు, వాటిని చేసిన వారికి చెబుతాయి. అది మంచిదో చెడ్డదో నేను తేల్చడం లేదు. సముద్రం మధ్యలో మాత్రం నాకు ఆ ఏర్పాటు ఇష్టం లేదు.

మరమ్మతులైన వేసవిలో నారగాన్సెట్ అఖాతం దాటి బ్లాక్ ఐలండ్‌కు వెళ్ళాము. పొద్దున బయలుదేరితే సాయంత్రానికి. గ్రేట్ సాల్ట్ పాండ్ అనే ప్రశాంతమైన ఉప్పునీటి మడుగులో లంగరు వేసి, చిన్న పొయ్యి మీద అన్నం, టమాటా పప్పు వండుకున్నాము. మా అమ్మ మాగాయ సీసా లోపలి అలమరలో కదలకుండా ఇరికించి పంపింది. ఆ అలమరను ఆల్బర్గ్ మాగాయ సీసా కోసమే గీశాడని మా ఇంట్లో ఒక నమ్మకం.

ఇక ఇందాక చెప్పిన శాపం సంగతి. మూడేళ్ళ క్రితం మా పడవల యార్డులో కంచె పక్కన ఒక ట్రైటన్ కనిపించింది. యజమాని ఎవరో అద్దె కట్టడం మానివేసి ఏళ్ళయింది. టార్పాలిన్ చినిగి, లోపల వాన నీళ్ళు నిండి, డెక్కు మీద చిన్న చెట్టు మొలిచింది. అయినా దేహం చెక్కుచెదరలేదు. కొయ్య నావ అయితే ఈపాటికి మట్టిలో కలిసిపోయేది. ఇది కలవదు, కరగదు. ఉడికిన గుడ్డు జాతి కదా. ఇటువంటివి ఈ దేశపు తీరాల వెంట ఎన్నో పడి ఉన్నవి. కొన్నింటిని రాత్రిపూట నంబర్లు చెరిపి వాగులలో వదిలివేస్తున్నారు.

పాత పడవలంటే ప్రాణమిచ్చే నా మిత్రులు కొందరు ప్రతి ట్రైటన్‌నూ కాపాడవలసిందే అంటారు. నేను ఒప్పుకోను. చేతులు లేని పడవ పడవ కాదు. దానిని తీసుకునే మనిషి నిజంగా రెండు శీతాకాలాలు ఇవ్వగలిగితేనే ఇవ్వాలి. లేకపోతే కోసివేయడమే మర్యాద. రోడ్ ఐలండ్‌లోని పడవ పరిశ్రమ సంఘం వారు పాత ఫైబర్‌గ్లాస్ పడవలను ముక్కలు చేసి సిమెంటు బట్టీలకు పంపే ప్రయోగం చేపట్టారు. రెజిన్ ఇంధనంగా మండుతుంది. గాజులోని సిలికా, సున్నం సిమెంటులో కలిసిపోతాయి. పూడ్చిపెట్టడం కన్న ఇది ఎంతో మేలు. ఖర్చు ఎవరిది అన్నదే చిక్కు. ఫ్రాన్సులో 2019 నుండి కొత్త పడవ అమ్మేటప్పుడే దాని అంత్యక్రియల ఖర్చుకు కొంత రుసుము కట్టించి, పాతవాటిని విడదీసే ఏర్పాటు చేశారు. అమెరికాలోనూ అటువంటి చట్టం రావాలని నా గట్టి అభిప్రాయం. అరవై ఏళ్ళు బ్రతికే వస్తువును అమ్మేవాడు అరవై ఒకటో ఏట దాని గతి ఏమిటో కూడా అమ్మకం నాడే చెప్పాలి. ఓడ దాటే వరకు ఓడ మల్లయ్య, దాటిన తరువాత బోడి మల్లయ్య అంటే ఎలా?

ఆ కంచె పక్క పడవను కాపాడదామని మొదట నేనే బయలుదేరాను. సుత్తి తీసుకుని ఒక రోజంతా తట్టాను. డెక్కు ఎక్కడా మోగలేదు. డబ్బు పెట్టి, మనుషులను పెట్టి బాగుచేయించవచ్చు. కాని దాని కోసం ఎదురుచూస్తున్న మనిషి లేడు. యార్డు వారి అనుమతితో కంచు సామాను, గిలకలు, స్తంభం తీసుకున్నాము. సీసం వేరే వెళ్ళింది. మిగిలినదాన్ని రంపంతో కోస్తుంటే నిలబడి చూశాను. తెగిన అంచు దగ్గర పొరలు లెక్కపెట్టాను. 1960లలో ఎవరో పనివారు రోలరుతో అదిమిన పొరలు, ఒక్కటి కూడా విడిపోలేదు. బాధ కలగలేదని అనను.

నాకిప్పుడు డెబ్బయి నిండినవి. మోకాళ్ళు డెక్కు మీద నిలవనంటున్నవి. మా అమ్మాయి కాలిఫోర్నియాలో స్థిరపడింది. దానికి తీరిక లేదని నాకు తెలుసు, పడవ మీద ప్రేమ లేక కాదు. కనుక కిందటి ఏడాది నా పడవకు కూడా అదే పరీక్ష పెట్టుకోవలసి వచ్చింది. కొంటామని వచ్చిన వారిలో ఇద్దరు పడవను ఫోటోలు తీసుకుని ధర అడిగారు. మూడవసారి వచ్చినవారు మన సంఘం కుటుంబంలోని కుర్రవాడు, అతని భార్య. ఆ అమ్మాయి ధర అడగక ముందే డెక్కు మీద మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో తట్టడం మొదలుపెట్టింది. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే, వాళ్ళ నాన్నగారు రాజమండ్రిలో కొబ్బరికాయల వ్యాపారం చేసేవారని చెప్పింది.

ఈ సంచిక మీ చేతికి అందేనాటికి పడవ వారి పేరు మీదకు మారి ఉంటుంది. ఏప్రిల్‌లో కప్పు తీసినప్పుడు ముందుగా స్తంభం కింది దూలం చూడమని చెప్పాను. ఎడమ వైపు కటకటం మూడవ బోల్టు దగ్గర చిన్న అనుమానం ఉన్నది. సుద్దతో గుర్తు పెట్టాను. సుత్తి లోపలి అలమరలో, మాగాయ సీసా పెట్టే చోట ఉంచాను.